పద్నాలుగు సర్టిఫికెట్లు, రెండు టార్చి బల్బులు

ప్రశ్న: సార్, నేను దేవరకొండ దిక్కు ఒక జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కావస్తోంది. ఉండేది నల్లగొండలో, బస్సులో పోయిరావడానికే రోజుకు మూడు గంటలు పడుతుంది. ఈ రెండేళ్లలో ఆన్‌లైన్ కోర్సులు చేసి పద్నాలుగు సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను. కొన్ని పైనుంచి చేయమన్నవి, కొన్ని నేనే చేరినవి. నిజం చెప్పాలంటే వాటిలో ఏముందో ఇప్పుడు అడిగితే చెప్పలేను. పాఠం మాత్రం నేను చదువుకున్న రోజుల్లో మా సార్ చెప్పినట్టే చెప్తున్నాను. బడి ఇంగ్లీషు మీడియం, పిల్లలకు ఇంగ్లీషు రాదు. క్లాసులో డిజిటల్ బోర్డు ప్యానెల్ ఉంది, నెట్ ఒకరోజు వస్తే రెండు రోజులు రాదు. ఇప్పుడు రోబోటిక్స్, ఏఐ నేర్పిస్తామని ఒకరు 12 వేల రూపాయల ఆన్‌లైన్ కోర్సు అంటున్నారు. చేరకపోతే వెనకబడిపోతానేమోనని టెన్షన్. మా ఆయనేమో 'ఇంకా ఎన్ని సర్టిఫికెట్లు' అంటున్నాడు. అసలు ఈ ఆన్‌లైన్ కోర్సులతో టీచర్లకు ఏమైనా వస్తుందా? ఏం చేయమంటారు?
– ఒక సైన్స్ టీచర్, నల్లగొండ జిల్లా

జవాబు:

మేడం, ముందుగా నా సంగతి ఒకటి ఒప్పుకుంటాను. 31 ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పి 2023లో రిటైరయ్యాను. చివరి మూడు నాలుగేళ్లలో నేనూ ఈ కోర్సులు చేశాను. ఎట్లా చేశానంటే, ఫోన్‌లో వీడియో పెట్టి, దాన్ని డైనింగ్ టేబుల్ మీద బోర్లించి, అన్నం తిన్నాను. క్విజ్ జవాబులు మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ముందే వచ్చేసేవి. 1-బి, 2-డి, 3-ఎ. నొక్కడం, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేయడం, హెచ్‌ఎం గారికి పంపడం. అందుకే మీ పద్నాలుగింటిని చూసి నవ్వే హక్కు నాకు లేదు.

కానీ అదే రోజుల్లో చేసిన ఒక్క కోర్సు మాత్రం నా కరెంటు పాఠాన్ని తలకిందులు చేసింది. మీకు నేను చెప్పగలిగిందంతా దాదాపు అందులోనే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

2020లో బడులు మూతపడ్డప్పుడు ఖాళీగా కూర్చోలేక అందులో చేరాను. మొదటి వారమే ఒక ప్రశ్న. ఒక బ్యాటరీకి ఒక బల్బు కలిపారు, వెలుగుతోంది. దానికి సమాంతరంగా, అంటే రెండు కొసలూ నేరుగా బ్యాటరీకే తగిలేలా, సరిగ్గా అలాంటిదే ఇంకో బల్బు కలిపితే, మొదటి బల్బు వెలుగు తగ్గుతుందా, పెరుగుతుందా, అట్లనే ఉంటుందా? కింది పేరా చదవకముందు మీరూ ఒక జవాబు అనుకోండి.

నేను 'తగ్గుతుంది' మీద నొక్కాను. అప్పటికి 28 ఏళ్ల సర్వీసు! బ్యాటరీ ఇచ్చే కరెంటును రెండు బల్బులు పంచుకోవాలి కదా, ఒక్కోదానికి సగమే వస్తుంది కదా అనుకున్నాను. తప్పు. బ్యాటరీ కరెంటును ముందే కొలిచి మూటగట్టి పెట్టుకోదు. అది నిలబెట్టేది పొటెన్షియల్ భేదాన్ని, అంటే వోల్టేజిని. రెండో బల్బు వస్తే దాని కరెంటు దానికి వేరేగా వెళ్తుంది, బ్యాటరీ రెట్టింపు కరెంటు ఇస్తుంది, మొదటి బల్బుకు ఏ తేడా రాదు. సమాంతర సంధానం లెక్కలు బోర్డు మీద నేను వందలు చేసి ఉంటాను. లెక్కలో ఎప్పుడూ తప్పు పోలేదు. తలలో ఉన్న బొమ్మ మాత్రం నల్లా నీళ్లదే. ఇంకో నల్లా తిప్పితే ఇక్కడ ధార సన్నబడుతుంది చూడండి, అది.

నమ్మబుద్ధి కాలేదు. ఇంట్లో పాత టార్చిలోని రెండు సెల్స్ తీసి, రెండు బల్బులు కలిపి చూశాను. రెండోది కలపగానే మొదటిది కొద్దిగా సన్నబడింది! నా సంతోషం చూడాలి. కోర్సు వాళ్లదే తప్పని ఆ కోర్సు గ్రూపులో ఫొటోతో సహా పెట్టేశాను. పావుగంటకు వనపర్తి నుంచి ఒక మేడం ఒకే ఒక్క మాట అడిగింది: "సార్, ఆ సెల్స్ ఎప్పటివి?"

కొత్త సెల్స్ కొనుక్కొచ్చి మళ్లీ చేశాను. ఈసారి కంటికి కనిపించే తేడా లేదు. పాతబడిన సెల్‌లో అంతర్ నిరోధం, అంటే సెల్ లోపలే కరెంటుకు తగిలే అడ్డు, పెరుగుతుంది, ఎక్కువ కరెంటు లాగితే ఆ నిరోధం దగ్గరే కొంత వోల్టేజి పోతుంది, బల్బులకు తక్కువ మిగులుతుంది. పుస్తకంలో ఒక లైనుగా చదివిన మాట ఆ రోజు నా చేతిలో కనపడింది.

బడి తెరిచాక పదో తరగతిలో ఇదే ప్రశ్న అడిగాను. ముప్పాతిక మంది నాలాగే చెప్పారు. "గా రెండో బల్బు సగం కరెంటు తాగుతది సార్" అన్నది ఒకమ్మాయి. చేసి చూపించాను, కొత్త సెల్స్‌తో ఒకసారి, పాతవాటితో ఒకసారి. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లగాడు లేచి, "సార్, మా బాయికాడ మోటర్ ఏస్తే ఇంట్ల బల్బు ఒక్కసారి సన్నగైతది. గిదే కదా?" అన్నాడు.

అదే. నూటికి నూరుపాళ్లు అదే. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుగా తిరిగే దానికంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే పొడుగాటి వైర్లలో వోల్టేజి పడిపోతుంది. పాత సెల్ లోపల జరిగింది ఇక్కడ వైరులో జరుగుతుంది. మోటారు స్పీడు అందుకోగానే బల్బు మళ్లీ లేస్తుంది. మన దగ్గర 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తున్నారు. అంతకుముందు రాత్రిపూట టార్చి పట్టుకుని తండ్రి వెంట స్టార్టర్ దగ్గరికి పోయిన పిల్లలు అప్పటికి మా క్లాసులో ఉన్నారు. ఫేజు పోవడం, ఫ్యూజు కొట్టేయడం, మోటారు కాలడం, కండెన్సర్ మార్చడం, ఇవన్నీ వాళ్లకు తెలుసు. నాకు తెలియంది, అవన్నీ నేను చెప్తున్న చాప్టర్‌లోనివే అని. ఆ రోజు పీరియడ్ దాటి, తర్వాత లెక్కల సార్ పీరియడ్‌లో సగం కూడా తినేశాను. ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ కోర్సు మిగతావాటికంటే గొప్ప వీడియోలతో లేదు. నిజానికి వీడియోలు నీరసంగా ఉండేవి. అది చేసింది, ముందు నాతో జవాబు చెప్పించి నన్ను ఇరికించడం. తర్వాత ఇంట్లో ఉన్న వస్తువుతో చేసుకునే వీలివ్వడం. ఆపైన తిరిగి ప్రశ్న అడిగే ఒక మనిషిని చూపించడం. వనపర్తి మేడం లేకపోతే నేను ఇవాళ్టికీ ఆ ఫొటో చూపించి కోర్సు తప్పని వాదిస్తుండేవాణ్ని. కోర్సులో చేరేముందు మీరు చూసుకోవాల్సింది వీటినే. ఎన్ని గంటలు, ఏ యూనివర్సిటీ లోగో, ఎంత రంగుల సర్టిఫికెట్ అన్నవి తర్వాత.

ఇక పైనుంచి చేయమన్న కోర్సుల మాట. కేంద్రం టీచర్లకిచ్చే 'నిష్ఠ' శిక్షణను 2019లో హాళ్లలో కూర్చోబెట్టి మొదలుపెట్టారు, కరోనాతో అది 'దీక్ష' అనే ఆన్‌లైన్ ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లు ఏడాదికి 50 గంటలైనా ఇలాంటి శిక్షణ తీసుకోవాలంది. కాబట్టి ఇవి పోయేవి కావు, తప్పించుకునే దారులు వెతకడం వృథా. నా సలహా కొందరికి నచ్చదు: అందులో మీ సబ్జెక్టుకు, మీ క్లాసుకు దగ్గరగా ఉన్న ఒకటి రెండు మాడ్యూళ్లు మనసుపెట్టి చేయండి. మిగతావి నిజాయితీగా, కానీ త్వరగా ముగించేయండి. అన్నింటికీ ఒకే శ్రద్ధ పెట్టబోతే దేనికీ పెట్టలేరు, ఆపైన తప్పు చేశానన్న బాధ ఒకటి మిగులుతుంది. క్విజ్ జవాబులు గ్రూపులో చూసి నొక్కడం మాత్రం ఇవాళే మానేయండి. అక్కడ తప్పు పోతేనే కదా మనకు రానిదేమిటో తెలిసేది. నేను 'తగ్గుతుంది' అని తప్పు నొక్కకపోతే ఈ కథే లేదు.

మీరే ఎంచుకుని చేరేవాటి విషయంలో, ముందు మీకు కావలసింది సబ్జెక్టా, చెప్పే పద్ధతా తేల్చుకోండి. ఈ రెండూ కలిపేసుకునే మనం మోసపోతాం. సబ్జెక్టులో పట్టు తక్కువనిపిస్తే, ఉదాహరణకు కర్బన రసాయనమో ఆప్టిక్సో, కేంద్రం నడిపే ఆన్‌లైన్ వేదికలు 'స్వయం'లో, 'ఎన్‌పీటెల్'లో ఐఐటీ వాళ్ల కోర్సులున్నాయి. 4, 8, 12 వారాలవి. చేరడం, వినడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే ఎన్‌పీటెల్ పరీక్షకు ఫీజు కట్టాలి, కేంద్రానికి వెళ్లి రాయాలి. వారం వారం అసైన్‌మెంట్ల మార్కులు కూడా అందులో కలుస్తాయి కాబట్టి అక్కడ వీడియో బోర్లించి అన్నం తింటే కుదరదు. కానీ ఒక మాట. అవి ఇంజనీరింగ్, డిగ్రీ పిల్లల కోసం చేసినవి. అందులో నేర్చుకున్నది తొమ్మిదో తరగతికి ఎట్లా చెప్పాలో ఆ ప్రొఫెసర్ చెప్పడు, అది ఆయన పని కూడా కాదు. మీ ఉత్తరం చదివితే మీ బాధ సబ్జెక్టుది అనిపించలేదు. మీ సార్ చెప్పినట్టే చెప్తున్నానన్నారు. కాబట్టి ఎన్‌పీటెల్ జోలికి ఈ ఏడాది పోకండి.

మీకు పనికొచ్చేది చేతులతో చేయించే రకం. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల 'ఫెట్' సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే మార్చి చూసే ప్రయోగాలు, వినే ఉంటారు. ఫిజిక్స్‌లో నోబెల్ తీసుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి. ఆయన ఆ బహుమతి తర్వాత, పిల్లలకు ఫిజిక్స్ ఎట్లా చెప్పాలన్న దాని మీద పడ్డాడు, అది నాకు ఆయనలో నచ్చే సంగతి. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. మీ నెట్ బాధకు మందు కూడా ఇక్కడే ఉంది. చాలా సిమ్యులేషన్లను ఇంట్లో ఒక్కసారి డౌన్‌లోడ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే, ప్యానెల్‌లో నెట్ లేకుండా బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. కరెంటు వలయాల సిమ్యులేషన్‌లో బ్యాటరీ నిరోధాన్ని పెంచే మీట ఒకటి ఉంటుంది. పెంచి చూడండి, నా పాత టార్చి సెల్ కథ అట్లనే తెర మీద కనపడుతుంది.

అయితే ముందు సిమ్యులేషన్ చూపించి తర్వాత బల్బు వెలిగించకండి. అసలు బల్బే ముందు. తెర మీదిదంతా నిజమని పిల్లలు నమ్మేస్తారు. అందులో ఎలక్ట్రాన్లు నీలం గోలీల్లా పరుగెత్తుతుంటాయి. నిజం వైరులో అవి చీమకంటే నెమ్మదిగా జరుగుతాయని, స్విచ్ వేయగానే బల్బు వెలగడానికి కారణం వేరే అని మీరు నోటితో చెప్పాల్సిందే. ప్రయోగశాల లేని బళ్లకోసం ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్, అమృత యూనివర్సిటీ వాళ్లు చేసిన 'ఓల్యాబ్స్' అనే ఆన్‌లైన్ ల్యాబ్ ఉంది, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ప్రయోగాలున్నాయి. ఆమ్లం పోసేవి, వేడి చేసేవి తెర మీద చూపడానికి అది నయం. అగ్గిపెట్టెలు, స్ట్రాలతో అరవింద్ గుప్తా చేసిన బొమ్మల వీడియోలు ఏ కోర్సులోనూ భాగం కావు, సర్టిఫికెట్ రాదు. నన్నడిగితే వాటికే మొదటి ర్యాంకు.

ఇంగ్లీషు సంగతి కొంచెం ఆగి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఈ కోర్సుల్లో ఎవరూ చెప్పని భాగం ఇదే. 2022-23లో ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలిచ్చారు. మంచి పని. కానీ పిల్లల గొడవ ఇంగ్లీషుతోనే అనుకుంటే పొరపాటు. మన తెలుగులోనే ఉంది సగం తిరకాసు. 'కరెంటు' అన్న ఒక్క మాట చూడండి. "కరెంటు పోయింది" అంటే సప్లై. "లో కరెంటు వస్తుంది" అంటే వోల్టేజి. "కరెంటు బిల్లు" అంటే శక్తి, కిలోవాట్ అవర్లు. "కరెంటు షాకు కొట్టింది" అన్నప్పుడు ఒక్కసారి మాత్రం నిజంగా కరెంటే. పిల్లలకు ఈ నాలుగూ ఒకటే. అలాంటప్పుడు బల్బు కరెంటు 'తాగుతది' అనడంలో వింతేముంది? వాళ్లు చెప్తున్నది శక్తి గురించి, వాడుతున్న మాట కరెంటు. ఆ అమ్మాయి నిజానికి సగం కరెక్టు. అట్లనే బలం (ఫోర్స్), శక్తి (ఎనర్జీ), సామర్థ్యం (పవర్). ఊర్లో పహిల్వాన్‌కు మూడూ ఉంటాయి, మన పుస్తకంలో ఒక్కోదానికి ఒక్కో యూనిట్. వడికీ (స్పీడ్) వేగానికీ (వెలాసిటీ) తేడా అంటే మా పిల్లలు నన్ను జాలిగా చూసేవారు.

అందుకని కోర్సు ఇంగ్లీషులో వినండి, పదాలు ఇంగ్లీషులోనే నేర్చుకోండి, నేర్పండి. పిల్లలు ఆలోచించేటప్పుడు మాత్రం వాళ్ల ఇంటి భాషలో మాట్లాడనివ్వండి. తండాల నుంచి వచ్చే పిల్లలుంటే వాళ్ల ఇంటి భాష తెలుగు కూడా కాదు, దేవరకొండ దిక్కు మీకు నాకంటే బాగా తెలుసు. పిల్ల ఏదన్నా వింతగా అంటే ఆ మాటను అట్లనే రాసుకోండి. 'తాగుతది' అన్న మాటను నేను బోర్డు మీద ఒక మూల రాసి వారం రోజులు తుడవనివ్వలేదు. వారం చివర ఆ అమ్మాయే లేచి దాన్ని దిద్దింది. ఈ మధ్య చాలామంది టీచర్లు ఏఐ చాట్‌బాట్‌తో నోట్స్ తెలుగులోకి మార్పించుకుంటున్నారు. పని తేలికవుతుంది, కాదనను. కానీ శక్తినీ సామర్థ్యాన్నీ అది అటూ ఇటూ చేసేయడం నేనే చూశాను. చూసుకోకుండా పిల్లలకు ఇవ్వకండి.

ఇప్పుడు 12 వేల కోర్సు. నేనొకసారి, రిటైరవడానికి రెండేళ్ల ముందు, 'స్టెమ్ ట్రైనర్' (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు కలిపి నేర్పేవాళ్లు) అవుతారని చెప్పిన ఒక ఆన్‌లైన్ వర్క్‌షాప్‌కు నాలుగున్నర వేలు కట్టాను. ఐదు రోజుల్లో మూడు రోజులు వాళ్ల కిట్ ఎంత గొప్పదో చెప్పారు. నాలుగో రోజు ఆ కిట్ మా బడితో కొనిపిస్తే నాకెంత వస్తుందో చెప్పారు. ఐదో రోజు నేను లాగిన్ కాలేదు. అయినా సర్టిఫికెట్ వచ్చింది, 'అత్యుత్తమ ప్రతిభ' అని రాసి!

మీకు చెప్పేవాళ్లు అలాంటివాళ్లని నేననను. డబ్బు కట్టేముందు ఒక పూర్తి క్లాసు ఉచితంగా చూపించమనండి. అసైన్‌మెంట్ ఎవరు దిద్దుతారో, ప్రశ్న అడిగితే మనిషి జవాబిస్తాడో లేదో అడగండి. వాళ్ల కిట్ లేకుండా, మీ బడిలో ఉన్న వస్తువులతో అందులో ఎంతభాగం చేయగలరో కూడా అడగండి. ఈ చివరి ప్రశ్నకు నసిగితే ఫోన్ పెట్టేయండి. రోబోటిక్స్ అంటే భయపడాల్సిందీ లేదు, ఎగబడాల్సిందీ లేదు. 'టింకర్‌క్యాడ్' వెబ్‌సైట్ ఉచితం. అందులో ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డును తెర మీదే వైర్లు కలిపి, ప్రోగ్రాం రాసి నడిపించొచ్చు, రూపాయి పరికరం కొనకుండా. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే 'స్క్రాచ్' ఇంకా తేలిక, ఆరో తరగతి పిల్లలు మీకంటే ముందు నేర్చేసుకుంటారు. ఈ రెండింటితో వేసవి సెలవులు గడిపాక కూడా ఇంకా కావాలనిపిస్తే అప్పుడు 12 వేల సంగతి చూద్దాం. ఈలోగా మీ ఆయన మాట ఈ ఒక్క విషయంలో వినండి.

టెక్నాలజీ అంటే బోర్డులు, మోటార్లే అనుకోవడం కూడా ఒక తిక్క. చాలా కోర్సుల్లో చివర 'మీ ప్రాంతంలోని ఒక సమస్య మీద ప్రాజెక్టు తయారు చేయండి' అని అసైన్‌మెంట్ ఉంటుంది. నేను దిద్దిన వాటిలో సగం ఢిల్లీ వాయు కాలుష్యం మీద ఉండేవి. నల్లగొండలో కూర్చుని! మన జిల్లా పేరుతోనే ఒక టెక్నాలజీ ఉంది కదా మేడం. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్ 'నీరి' సంస్థ తయారుచేసిన పద్ధతిని ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే అంటుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలపడం, తేటపడనివ్వడం, వడకట్టడం. అందులో పదో తరగతి కెమిస్ట్రీ ఎంతుందో చూడండి: అవక్షేపం, పీహెచ్, లెక్కగట్టి కలిపే మోతాదు. మన గ్రానైట్ రాళ్లలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎట్లా దిగుతుందో చెప్తే జాగ్రఫీ కూడా కలుస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా అన్నది మన దేశ ప్రమాణం. అంత మంచి పద్ధతి ఊర్లలో ఎందుకు నిలబడలేదు? రోజూ మందు కొలిచి కలిపేదెవరు, మోతాదు తప్పితే నీళ్లలో పటికలోని అల్యూమినియం మిగలదా, అడుగున పేరుకున్న మడ్డి ఎక్కడ పారబోయాలి? ఇవి మంచి ప్రశ్నలు, వీటికి పిల్లల ఇళ్లలో జవాబులున్నాయి. మర్రిగూడ, మునుగోడు దిక్కు తాతలు, నాయనమ్మలు చెప్పగలరు. ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిన ముసలివాళ్లను పిల్లలు 'ప్రాజెక్టు'గా చూడకుండా మాత్రం మీరు కనిపెట్టుకుని ఉండాలి. బడిలో శుద్ధి చేసిన నీళ్లను ఎవరితోనూ తాగించకండి. పిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్‌కు ఎంపికైన పిల్లకు 10 వేలు ఇస్తారు కదా, దానికోసం రెడీమేడ్ మోడల్ అమ్మేవాళ్లు తిరుగుతుంటారు. వాళ్లకంటే ఇది వెయ్యి రెట్లు నయం.

టైము ఎక్కడిదంటారు. నిజమే, రోజుకు మూడు గంటలు బస్సులో పోతే ఇంటికొచ్చాక వంట, పిల్లలు, దిద్దాల్సిన ఎఫ్ఏ పరీక్ష పేపర్లు. రాత్రి పదకొండుకు వీడియో పెడితే నిద్రే వస్తుంది. బస్సులో చూద్దామంటే ఆ రోడ్డు మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. పొద్దున ఇంట్లో వైఫై ఉండగా ఒక్క వీడియో దింపుకోండి. బస్సులో సీటు దొరికిన రోజు చూడండి, దొరకని రోజు వదిలేయండి. చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. వీడియోలో ఏం చెప్పారో రాయొద్దు, 'రేపు' అని రాసి దానికింద రేపటి క్లాసులో చేయబోయే ఒక్క పని రాయండి. ఏమీ రాయలేకపోతే ఆ వీడియో మీకు పనికిరాదని అర్థం, తర్వాతిదానికి పోండి. నెలకు ఇలాంటివి నాలుగు చేస్తే చాలు. ఏడాదికి ముప్పై నలభై పాఠాల్లో ఏదో ఒకటి మారుతుంది.

ఒంటరిగా మాత్రం చేయకండి. మన రాష్ట్రంలో ముంబై టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్) వాళ్ల 'క్లిక్స్' అనే డిజిటల్ విద్యా కార్యక్రమం నడిచిన కాలంలో ప్రభుత్వ హైస్కూళ్ల టీచర్లు టెలిగ్రామ్‌లో సబ్జెక్టులవారీగా మాట్లాడుకునేవారు. అంతకంటే చాలా ముందే, నెట్ అన్నదే లేనప్పుడు, మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమంలో టీచర్లు నెలకోసారి కూర్చుని, క్లాసులో ఏది కుదరలేదో చెప్పుకునేవారు. ఏది కుదరలేదో! చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే మన కాంప్లెక్స్ మీటింగుల్లో ఆ ముచ్చట ఎప్పుడన్నా విన్నారా? మనం అక్కడ సంతకం, సమోసా, చాయ్, ఫొటో. పెద్ద గ్రూపుల్లో గుడ్‌మార్నింగులు, పీఆర్సీ జీతాల ముచ్చట్లే ఉంటాయి కాబట్టి వాటిని వదిలేసి, ఇద్దరు ముగ్గురితో చిన్న గ్రూపు పెట్టుకోండి. పక్క మండలం ఫిజికల్ సైన్స్ టీచర్ ఒకరు, మీ బడి బయో సైన్స్ మేడం ఒకరు. వారానికి ఒక్కసారి, ఒక్కొక్కరు ఒక్క వాయిస్ మెసేజ్: ఏం చేశాను, ఎక్కడ దెబ్బతిన్నాను. 'సూపర్ మేడం' అని చేతులు జోడించే బొమ్మ పెట్టేవాళ్లను గ్రూపులో చేర్చుకోకండి. "ఆ సెల్స్ ఎప్పటివి?" అని అడిగేవాళ్లను వెతుక్కోండి.

హెచ్‌ఎం గారు సర్టిఫికెట్లు అడిగితే ఇవ్వండి, అది ఆయన ఉద్యోగం. పద్నాలుగూ ఒక ఫైల్లో వరసగా పెట్టి ఇచ్చేస్తే ఆయనకూ పని తగ్గుతుంది. దానితోపాటు ఒకసారి మీ క్లాసుకు వచ్చి కూర్చోమని పిలవండి. రాకపోవచ్చు, కానీ పిలవండి.

వచ్చే సోమవారమే మొదలుపెట్టాలనుకుంటే ఆ రెండు బల్బుల ప్రశ్నతోనే మొదలుపెట్టండి. సామాన్లకు ఎక్కువ డబ్బు కాదు, తిరుగుడే ఎక్కువ. ఇప్పుడు టార్చిలన్నీ ఎల్ఈడీవి, మనకు కావలసిన తీగ బల్బులు అన్ని షాపుల్లో లేవు. ఎల్ఈడీతో ఈ ప్రయోగం చేయకండి, అది ఓమ్ నియమం వినదు, తిప్పిపెడితే వెలగనే వెలగదు. నల్లగొండలో పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే రెండున్నర వోల్టులవి డబ్బా అడుగునుంచి తీసిస్తారు, లేదంటే మీ బడి సైన్స్ కిట్ బీరువాలో వెతకండి, ఏ మూలనో ఉంటాయి. ఒకే రకం బల్బులు రెండు తీసుకోండి, హోల్డర్లతో సహా. ఒక జత కొత్త సెల్స్ కొనండి. ఇంట్లో గడియారంలోనో టీవీ రిమోట్‌లోనో అరిగిపోయిన సెల్స్ ఉంటే పారేయకుండా దాచిపెట్టమని మీ ఆయనతో చెప్పండి, ఎందుకంటే కొత్తవాటితో పాఠంలో సగమే జరుగుతుంది. పిల్లలు ఏమన్నారో, వాళ్లన్న మాటల్లోనే, నాకు రాయండి.